మోత తగ్గిన పందెం

2013 అక్టోబర్ 27న ఢిల్లీకి చేరువలోని గ్రేటర్ నోయిడాలో, బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌పై మూడవ భారత ఫార్ములా వన్ పందెం జరిగింది. 2011, 2012 సంవత్సరాలలోవలెనే ఆ ఏడాది కూడా జర్మనీకి చెందిన సెబాస్టియన్ వెటెల్ విజేతగా నిలిచి, తన నాలుగవ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ను అక్కడే ఖాయం చేసుకున్నాడు. ఆ తరువాత ఆ పందెం మన దేశానికి మళ్ళీ రాలేదు. కనుక మన నేలపై ఫార్ములా వన్ పందాన్ని ప్రత్యక్షంగా చూసినవారి చెవులలో నిలిచిపోయినది ఒకే ధ్వని: నిమిషానికి 18,000 చుట్లు తిరిగే ఎనిమిది సిలిండర్ల ఇంజను పెట్టే కేక.

అయిదు నెలలు నిండకముందే, 2014 మార్చి 16న, ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరంలో కొత్త సీజన్ ఆరంభమయింది. కార్లు మునుపటివలెనే దూసుకుపోయాయి, కాని ఆ కేక లేదు. దాని స్థానంలో మంద్రమైన, కొంచెం బొంగురైన ఒక గుర్రుపాటు వినిపించింది. పక్కవారితో మాట్లాడుకుంటూ పందెం చూడగలిగినందుకు కొందరు ప్రేక్షకులు సంతోషించారు. డబ్బు పెట్టి టిక్కెట్టు కొన్నది దీనికోసమా అని మరికొందరు నొచ్చుకున్నారు. ఆనాడు మొదలైన ఈ తగవు నేటికీ తీరలేదు. ఇంజనీరుగా పనిచేస్తున్న వాడిని కనుక వృథాను తగ్గించినవారి వైపే నా మొగ్గు సహజంగా ఉంటుంది. అయినా, నొచ్చుకున్నవారి మాటలోనూ మన వృత్తివారు పట్టించుకోవలసిన సత్యం ఒకటి ఉన్నదని నా అభిప్రాయం.

శబ్దం ఎందుకు తగ్గింది?

ముందుగా లెక్క చూద్దాం. నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేసరికి ప్రతి సిలిండరులోనూ ఒక దహనం జరుగుతుంది. అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజనులో చుట్టుకు నాలుగు దహనాలు. నిమిషానికి 18,000 చుట్లంటే సెకనుకు 300 చుట్లు, 1,200 దహనాలు. ఇంజను ధ్వనిలో ప్రధానంగా మన చెవికి తగిలే శ్రుతి ఇదే.

2014లో వచ్చినది 1.6 లీటర్ల పరిమాణం గల ఆరు సిలిండర్ల టర్బో ఇంజను. నియమావళి 15,000 చుట్ల వరకు అనుమతించింది. అయితే గంటకు 100 కిలోలకు మించి ఇంధనం ప్రవహించరాదని మరొక నియమం కూడా పెట్టారు. 10,500 చుట్లు దాటిన తరువాత ఇంధన ప్రవాహం ఇక పెరగదు. ఇంధనం పెరగనప్పుడు చుట్లు పెంచితే రాపిడి నష్టమే తప్ప లాభం ఉండదు. అందుచేత డ్రైవర్లు సుమారు 12,000 చుట్ల ప్రాంతంలోనే గేరు మార్చేవారు. ఆ లెక్కన సెకనుకు 200 చుట్లు, చుట్టుకు మూడు దహనాలు, వెరసి 600. ఇది 1,200లో సరిగ్గా సగం. సంగీతం నేర్చుకుంటున్న మన పిల్లలను అడిగితే దీని అర్థం వెంటనే చెబుతారు: తారస్థాయి షడ్జం నుండి మధ్యస్థాయి షడ్జానికి దిగడమన్నమాట. పైగా మానవుని చెవి 2,000 నుండి 5,000 హెర్ట్జ్ మధ్యనున్న ధ్వనులను అత్యంత సూక్ష్మంగా గ్రహిస్తుంది. మూలశ్రుతి కిందికి దిగడంతో ఆ ప్రాంతంలోకి చేరే ధ్వని బలం కూడా తగ్గింది.

రెండవ కారణం టర్బో. సాధారణ పెట్రోలు ఇంజనులో ఇంధన శక్తిలో దాదాపు మూడవ వంతు వేడి వాయువుల రూపంలో ఎగ్జాస్ట్ గొట్టం వెంట బయటికి పోతుంది. ఆ వాయువులు తెరలు తెరలుగా వెలువడడమే మనం వినే మోత. వాటి దారిలో ఒక టర్బైనును అమర్చితే అది ఆ తాకిడిని చాలావరకు మింగివేస్తుంది. 2014 నాటి ఇంజనులు అంతటితో ఆగలేదు. టర్బో ఇరుసుకే ఎం.జి.యు.-హెచ్ అనే విద్యుత్ యంత్రాన్ని జోడించి, వ్యర్థమైపోయే వేడి నుండి కరెంటు తీశాయి. బ్రేకులు వేసినప్పుడు పోయే శక్తిని ఎం.జి.యు.-కె అనే మరొక యంత్రం పట్టుకుని, 120 కిలోవాట్ల వరకు తిరిగి చక్రాలకు అందించింది.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. మోతను ఆపి దాన్ని శక్తిగా మార్చారని కొందరు చెబుతూ ఉంటారు. ఇంధన శక్తిలో శబ్దంగా వెలువడేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. మోతను పట్టుకుంటే కారు నడవదు. వేడిని పట్టుకున్నారు, దానితోపాటు మోత తగ్గింది. ఫలితం మాత్రం అసామాన్యమైనది. పాత ఇంజనులతో ఒక పందేనికి దాదాపు 150 కిలోల ఇంధనం పట్టేది. 2014లో దానిని 100 కిలోలకు పరిమితం చేశారు. పాత ఇంజను ఇంధన శక్తిలో సుమారు 30 శాతాన్ని పనిగా మార్చేది. 2017లో మెర్సిడెస్ సంస్థ తన పందెపు ఇంజను ప్రయోగశాల పరీక్షలో 50 శాతం దాటిందని ప్రకటించింది. పెట్రోలు ఇంజను ఆ మెట్టు ఎక్కగలదని మా విద్యార్థి దశలో ఏ అధ్యాపకుడూ చెప్పి ఉండడు.

అభిమానుల రెండు గొంతులు

ఇంత ఘనకార్యం జరిగినా కరతాళధ్వనులు అన్ని వైపుల నుండీ రాలేదు. మెల్బోర్న్ పందెం నిర్వాహకులే ధ్వని విషయంలో బహిరంగంగా అసంతృప్తి వెలిబుచ్చారు. ఫార్ములా వన్ వాణిజ్య వ్యవహారాల అధిపతిగా ఉండిన బెర్నీ ఎకిల్‌స్టోన్ సైతం అదే పాట పాడాడు. వెటెల్ అయితే పరుషమైన మాటతోనే కొత్త ధ్వనిని తీసిపారేశాడు. ప్రేక్షకులలో చాలామంది గుండెల్లో మోగే ఆ కంపనం లేనిదే పందెం పందెంలా లేదన్నారు. కారు కనబడకముందే దాని రాక వినిపించేదని, ఆ ఎదురుచూపే తమకు సగం ఆనందమని వారి వాదన.

రెండవ వర్గం వారి మాట వేరు. చిన్నపిల్లలను చెవులకు రక్షణ తొడుగులతో నానా అవస్థలు పెట్టకుండా తీసుకురాగలుగుతున్నామని కొందరన్నారు. మైకులో వ్యాఖ్యానం వినబడుతున్నదని, మలుపులో టైరు కీచుమనడం, టర్బో ఈల వేయడం ఇప్పుడే తెలుస్తున్నదని మరికొందరన్నారు.

ఈ తగవు నిజానికి 2014తో పుట్టినది కాదు. 1967లో అమెరికాలోని ఇండియానాపొలిస్ 500 పందెంలో పార్నెల్లీ జోన్స్ గ్యాస్ టర్బైనుతో నడిచే కారు తెచ్చాడు. తక్కిన కార్ల హోరులో దాని సవ్వడి వినిపించనే లేదు. 'సైలెంట్ సామ్' అని జనం దానికి ముద్దుపేరు పెట్టారు. పందెంలో అధికభాగం అదే ముందున్నది. చివరి కొన్ని చుట్లలో ఒక చిన్న బేరింగు విరగడం వల్ల మాత్రమే గెలుపు చేజారింది. 2006లో లె మాన్ 24 గంటల పందాన్ని ఆడి సంస్థ డీజిల్ కారు గెలిచినప్పుడు కూడా, దాని వేగంతోపాటు దాని మౌనాన్ని గురించి అంతగానూ చెప్పుకున్నారు.

మరొక సంగతి గమనించండి. 1988లో అయిర్టన్ సెన్నా, అలెన్ ప్రోస్ట్ నడిపిన మెక్‌లారెన్ కార్లు 16 పందేలలో 15 గెలిచాయి. ఆ కార్లలో ఉన్నది కూడా ఆరు సిలిండర్ల టర్బో ఇంజనే. అభిమానులు నేటికీ ఆ రోజులను స్వర్ణయుగంగా తలచుకుంటారు. ఆనాటి టర్బో ధ్వనిని తప్పుపట్టినవారి మాట ఎవరికీ గుర్తులేదు. అంటే మనం చిన్ననాట ఏ ధ్వనిని విని పులకించామో అదే అసలైన ధ్వని అని మనసు తీర్మానించుకుంటుంది. బొగ్గు ఇంజన్లు పట్టాలపై నుండి తప్పుకున్నప్పుడు మన ఇళ్ళలో పెద్దలు బాధపడలేదా? కళ్ళలో బొగ్గు నుసి పడిన సంగతి మరచిపోయి, అర్ధరాత్రి వినిపించే ఆ కూతనే తలచుకునేవారు.

హుస్సేన్‌సాగర్ ఒడ్డున

ఈ చర్చలో రెండవ అంకం మన హైదరాబాద్ నగరంలోనే జరిగింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరంలో, ఎన్.టి.ఆర్. గార్డెన్స్, లుంబినీ పార్కు పరిసరాలలో 2.83 కిలోమీటర్ల వీధి మార్గంపై ఫార్ములా ఈ పందెం జరిగింది. 2014లో బీజింగ్‌లో మొదలైన ఈ పందేలలో పాల్గొనేవన్నీ బ్యాటరీ కార్లే. భారతదేశంలో ఇది మొదటిది. ఫ్రాన్స్ దేశస్థుడైన జాన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. 2024లో జరగవలసిన రెండవ పందెం రద్దయింది.

ఈ కార్లలో దహనమే లేదు. వినిపించేది మోటారు, గేర్ల సన్నని కూత, గాలి రొద, టైర్ల ఒరిపిడి మాత్రమే. హోరును ఆశించి ఇటువంటి పందేనికి వెళ్ళినవారికి ఏదో లోటు తోచడం సహజమే. కాని పసిపిల్లను ఒడిలో కూర్చోబెట్టుకుని, నగరం నడిబొడ్డున, పెట్రోలు పొగ లేకుండా కారు పందెం చూడగలగడం మునుపు ఊహకైనా అందనిది. మోత తగ్గినందువల్లనే కొందరికి ఆ పందెపు తలుపులు తెరుచుకున్నాయని ఒప్పుకోక తప్పదు.

శబ్దం చెప్పే కబురు

కర్మాగారంలో పనిచేసే మనకు శబ్దంతో రెండు విధాల సంబంధం ఉంది. మొదటిది భయం. ఎనిమిది గంటల పనికి 90 డెసిబెళ్ళు మించరాదన్న నియమం మన భద్రతా పుస్తకాలలో ఉన్నది. పోయిన వినికిడి తిరిగి రాదు. పాత పందెపు ఇంజనుల మోత ఈ హద్దులను ఎంతగానో మించి ఉండేది. దానిని ఘనమైన అనుభవంగా పొగడేవారు ఈ సంగతి మరువకూడదు.

రెండవది నమ్మకం. పాత తరం ఫిట్టర్లు స్క్రూడ్రైవర్ కొనను బేరింగు పెట్టెకు, పిడిని తమ చెవికి ఆనించి, లోపలి గోళీ ఎక్కడ అరిగిందో చెప్పగలిగేవారు. ఈనాడు కంపనాలను కొలిచే పరికరాలు ఎన్ని వచ్చినా, పంపు హౌసులో అడుగుపెట్టగానే 'ఏదో తేడాగా ఉంది' అని ఆగిపోయే ఆపరేటరు చెవిని మేము కాదనలేదు. శబ్దం వారికి హోరు కాదు, యంత్రం అందించే కబురు.

పందెపు అభిమాని విషయమూ ఇంతే. గ్యాలరీలో కూర్చున్నవాడికి మీటర్లు కనబడవు. ఇంధన ప్రవాహం, ఉష్ణ సామర్థ్యం అతనికి అందవు. మలుపుకు ముందు ఏ డ్రైవరు ఎంత ఆలస్యంగా కాలు తీశాడో, ఎవరు ధైర్యంగా ముందుగానే తిరిగి తొక్కాడో అతను చెవితోనే పోల్చుకునేవాడు. ఆ కొలమానం మసకబారినప్పుడు అతను ఫిర్యాదు చేయడం అజ్ఞానం కాదు. ఇంజనును మెరుగుపరచినవారు దానిని కారు కోసం, కంపెనీ కోసం మెరుగుపరచారు. చూసేవాడు కూడా ఆ యంత్రానికి యజమానులలో ఒకడన్న ఊహ వారి నమూనాలోకి ఆలస్యంగా వచ్చింది.

ఆ తరువాత చేసిన ప్రయత్నాలు ఈ సంగతినే చెబుతున్నాయి. 2014 మే నెలలో మెర్సిడెస్ జట్టు ఎగ్జాస్ట్ గొట్టం కొనకు బాకా వంటి వెడల్పాటి మూతిని బిగించి బార్సిలోనాలో పరీక్షించింది. ఆశించిన ఫలితం కలగలేదు. 2016 నుండి టర్బోను తప్పించుకుని పోయే వాయువులకు వేరే గొట్టాలు ఉండాలని నియమం చేశారు. మోత కొంత పెరిగింది. 2026 సీజన్ కోసం రాసిన నియమాలలో ఎం.జి.యు.-హెచ్‌ను తొలగించి, ఎం.జి.యు.-కె సామర్థ్యాన్ని 350 కిలోవాట్లకు పెంచారు. 2025లో అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య అధ్యక్షుడు మొహమ్మద్ బెన్ సులాయెం, పర్యావరణానికి హాని చేయని ఇంధనంతో పది సిలిండర్ల ఇంజనులను తిరిగి తెచ్చే విషయం పరిశీలించాలని సూచించడంతో పాత కోరిక మళ్ళీ చర్చకు వచ్చింది.

నా మటుకు నేను వృథాను తిరిగి తెచ్చుకోవాలని అనను. గొట్టం చివర బాకా కట్టి అరిపించడం కూడా పరిష్కారం కాదు. అయితే యంత్రం లోపల ఏమి జరుగుతున్నదో చూసేవాడికి తెలిసే మార్గం ఒకటి మూసినప్పుడు, మరొక మార్గం తెరవడం రూపకర్త బాధ్యత. మన కర్మాగారంలో కొత్త యంత్రం బిగించేటప్పుడు కూడా ఇదే ప్రశ్న వేసుకోవాలి: దాని పక్కన రాత్రి షిఫ్టులో నిలబడేవాడికి అది తన క్షేమసమాచారం ఎలా చెబుతుంది?

ఈసారి ఇంట్లో పిల్లలు టీవీలో కారు పందెం పెట్టినప్పుడు, ధ్వని కొంచెం పెంచి వారి పక్కనే కూర్చోండి. వేగంగా సాగే దారిని వదిలి, నెమ్మదైన మలుపు దగ్గర శ్రద్ధగా వినండి. టైరు ఎప్పుడు కీచుమన్నదో, గేరు ఎన్నిసార్లు దిగిందో పిల్లలచేత లెక్కపెట్టించండి. మనకు వినిపించనివి వారికి వినిపిస్తాయేమో చూద్దాం.