ట్రూఫో చూపిన పిల్లల ఊరు

ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్స్వా ట్రూఫో 1976లో తీసిన 'లార్జాన్ ద పోష్'లో కథానాయకుడంటూ ఎవరూ లేరు. ఉన్నదల్లా ఒక ఊరు, ఆ ఊరి బడిపిల్లలు. ఆ ఊరు తియేర్. మధ్య ఫ్రాన్స్‌లో చాకులూ కత్తుల తయారీకి పేరుపడ్డ చిన్న పట్టణం. లుంగీల నేతకూ అగ్గిపెట్టెలకూ పేరున్న వేలూరు జిల్లా గుడియాత్తం లాంటిదే, చేతిపని మీద బతికే ఊరు. 1975 వేసవిలో షూటింగ్ అక్కడే జరిగింది.

సన్నివేశం ఏమిటో ట్రూఫో చెప్పేవాడు, పిల్లలు దాన్ని తమ మాటల్లో పెట్టుకునేవాళ్లు. తెరమీద ఎక్కడా అప్పజెప్పిన పాఠం వినిపించకపోవడానికి కారణం అదే.

పోలీసు అధికారి కూతురు సిల్వీ మాసిపోయిన తన సంచీని వదలనని మొండికేస్తుంది. అమ్మానాన్నలు ఆమెను ఇంట్లోనే ఉంచి హోటల్‌కి భోజనానికి వెళ్లిపోతారు. ఆ పిల్ల తండ్రి మైకు తీసి, కిటికీలోంచి ఆకలేస్తోందని ఊరంతా వినబడేలా అరుస్తుంది. ఇరుగుపొరుగు తాడుకు బుట్ట కట్టి తిండి పంపిస్తారు. పిల్లిపిల్ల వెంటపడిన బుడతడు గ్రెగరీ పైఅంతస్తు కిటికీలోంచి జారిపడి, దెబ్బ తగలకుండా నవ్వుతూ లేస్తాడు. కళ్లు తిరిగి పడిపోయేది తల్లి. మంచం పట్టిన తండ్రిని చూసుకునే పాత్రిక్ స్నేహితుడి తల్లిమీద మనసుపడి గులాబీలు తీసుకెళ్తే, మీ నాన్నగారికి థాంక్స్ చెప్పమంటుందావిడ!

ఈ నవ్వుల నడుమే జూలియన్ ఉన్నాడు. బడిలో డాక్టరు పరీక్ష చేసిన రోజున వాడి ఒంటిమీది దెబ్బలు బయటపడతాయి. కొట్టింది ఇంట్లోవాళ్లే. సెలవులిచ్చే రోజున టీచరు రిషే క్లాసులో మాట్లాడతాడు: పిల్లలకు ఓటు లేదు కాబట్టి నాయకులకు వాళ్లు పట్టరని. సినిమాకు గుండెకాయ ఈ ప్రసంగమే. కష్టపడ్డ తన బాల్యాన్ని ట్రూఫో 1959లోనే 'ది ఫోర్ హండ్రెడ్ బ్లోస్'లో చెప్పాడు. ఆ బాధను ఇక్కడ మరచిపోలేదు, నవ్వు పక్కన కూర్చోబెట్టాడు.

తెలుగులో బాపు 1970లో 'బాలరాజు కథ' తీశారు. మహాబలిపురం శిల్పాలను యాత్రికులకు చూపించి పొట్టపోసుకునే కుర్రాడి కథ అది. ఏ.పి. నాగరాజన్ తమిళ చిత్రం 'వా రాజా వా' దానికి మూలం. అక్కడ ఒక్క పిల్లవాడే కథంతా మోస్తాడు. ట్రూఫో సినిమాలో ఊరి పిల్లలందరూ కలిసి మోస్తారు. పిల్లల సినిమా అంటే నీతిపాఠమే అనుకునే పెద్దలు ముందుగా చూడవలసిన సినిమా ఇది.