పెద్ద జిల్లాలో పోలీసు, అరెస్టు, జైలు దస్త్రాల అన్వేషణ: పూర్వ విశాఖపట్నం జిల్లా ఆధారంగా

వ్యాససంగ్రహం

కారాగారవాసం అనుభవించిన తెలుగు రచయితలు, ఉద్యమకారుల జీవితాలపై పరిశోధన చేసేవారికి పోలీసు, న్యాయస్థాన, జైలు దస్త్రాలు ప్రాథమిక ఆధారాలు. అయితే ఇవి ఒకే చోట లభించవు. పూర్వ విశాఖపట్నం వంటి విశాలమైన జిల్లాలో ఒక వ్యక్తి దస్త్రం అనేక కార్యాలయాలలో చెదిరి ఉంటుంది. ఆ దస్త్రాలు ఎలా పుట్టాయి, ఎక్కడికి చేరాయి, వాటిని ఏ క్రమంలో వెతకాలి, ఎలా చదవాలి అన్న అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: పోలీసు దస్త్రాలు, జైలు రిజిస్టర్లు, ఫితూరీ, ఏజెన్సీ, సమాచార హక్కు, జీవితచరిత్ర పరిశోధన.

1. ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్య చరిత్రలలో "ఆయన జైలుకు వెళ్లారు" అనే వాక్యం తరచుగా కనిపిస్తుంది. ఏ సెక్షన్ కింద, ఏ న్యాయస్థానంలో, ఎంత కాలం, ఏ జైలులో అన్న వివరాలు మాత్రం అరుదు. ఒక గ్రంథంలోని వాక్యం మరొక గ్రంథంలోకి, అక్కడి నుంచి సిద్ధాంతవ్యాసంలోకి మారుతూ వస్తుంది. మూల దస్త్రం చూసినవారు తక్కువ. ఇందుకు పరిశోధకుల అలసత్వం ఒక్కటే కారణం కాదు. దస్త్రం ఎక్కడ ఉంటుందో తెలియకపోవడం ప్రధాన కారణం.

ఈ అన్వేషణలో గుర్తుంచుకోవలసిన సూత్రం ఒకటి ఉంది. ప్రభుత్వం ఏ పేరుతో నమోదు చేసిందో ఆ పేరుతోనే దస్త్రాన్ని వెతకాలి. దొరికిన తరువాత, ఆ పేరునే సత్యంగా స్వీకరించకూడదు. కింది వివరణ అంతా ఈ సూత్రానికి అనుబంధమే.

2. మొదట తేల్చుకోవలసినది జిల్లా ఎల్లలు

నేటి పటం చేతపట్టుకొని నూరేళ్ల నాటి దస్త్రం వెతికితే దారి తప్పుతుంది. మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో జయపురం సంస్థానం కూడా భాగంగా ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ ప్రాంతం కోరాపుట్ జిల్లాగా అటు వెళ్లింది. అప్పటి వరకు గంజాం జిల్లాలో ఉన్న శ్రీకాకుళం ప్రాంతం ఇటు వచ్చింది. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం జిల్లాలు ఏర్పడ్డాయి. 2022లో అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు వెలిశాయి.

ఈ మార్పుల ఫలితం ఒక్క ఉదాహరణతో తెలుస్తుంది. అల్లూరి సీతారామరాజు దళం 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడి చేసింది. వరుస రోజులలో దాడికి గురైన మొదటి రెండు స్టేషన్లలో చింతపల్లి నేడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో, కృష్ణదేవిపేట అనకాపల్లి జిల్లాలో ఉన్నాయి. నాటి దస్త్రాల దృష్టిలో ఇవి ఒకే గూడెం ప్రాంతపు సంఘటనలు.

మైదానానికీ ఏజెన్సీకీ మధ్య ఉన్న పాలనాభేదం కూడా ముఖ్యమే. 1839 నాటి 24వ చట్టం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండప్రాంతాలను సాధారణ న్యాయస్థానాల పరిధి నుంచి తప్పించి, గవర్నరు ఏజెంటు హోదాలో కలెక్టరుకు అధికారం ఇచ్చింది. కనుక కొండప్రాంతపు కేసును జిల్లా సెషన్సు కోర్టు పట్టికలలో మాత్రమే చూసి "దస్త్రం లేదు" అని తేల్చడం తొందరపాటు. ఏజెన్సీ శీర్షిక కింద కూడా చూడాలి.

3. స్టేషన్‌లో పుట్టే దస్త్రాలు

పోలీసు స్టేషన్‌లో ప్రధానంగా మూడు రకాల రాతలు పుడతాయి. మొదటిది ప్రాథమిక సమాచార నివేదిక, అంటే ఎఫ్.ఐ.ఆర్. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 154వ సెక్షన్; 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 173వ సెక్షన్. రెండవది స్టేషన్ జనరల్ డైరీ. స్టేషన్‌కు ఎవరు వచ్చారు, ఎవరు వెళ్లారు, ఎవరిని తెచ్చారు అన్నవి ఇందులో రోజువారీగా నమోదవుతాయి. మూడవది కేసు డైరీ. దర్యాప్తు అధికారి రోజు రోజుకూ రాసే ఈ డైరీని చూసే హక్కు నిందితునికి కూడా సాధారణంగా ఉండదు.

పాత స్టేషన్ పుస్తకాలు అన్నీ మిగలలేదు. నిర్ణీత కాలం గడిచాక వాటిని ధ్వంసం చేసే నిబంధనలు ఉండేవి. అందువల్ల పరిశోధకుడు కింది పుస్తకం కోసమే కాక పైకి వెళ్లిన నివేదిక కోసం కూడా చూడాలి. స్టేషన్ సమాచారం జిల్లా సూపరింటెండెంటుకు, అక్కడి నుంచి రాష్ట్ర ప్రభుత్వానికి, ముఖ్యమైనదైతే భారత ప్రభుత్వ హోం శాఖకు చేరేది. రాష్ట్రాలు కేంద్రానికి పంపిన పక్షపు నివేదికలు నేటికీ జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. స్టేషన్‌లో చెదలు తిన్న విషయం ఢిల్లీలో ఒక పేరాగా మిగిలి ఉండవచ్చు.

4. అరెస్టు నుంచి తీర్పు వరకు

అరెస్టు చేసినవారిని 24 గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలన్న నియమం 1898 కోడ్‌లోనే ఉంది. ఈ నియమం వల్ల అరెస్టు విషయం పోలీసు గడప దాటి న్యాయస్థానపు రాతలలోకి చేరుతుంది. రిమాండు ఉత్తర్వు, అభియోగపత్రం, తీర్పు ఈ దశలో పుడతాయి. పోలీసు క్రైమ్ నంబరు, న్యాయస్థానపు కేసు నంబరు వేరువేరు. ఈ రెంటినీ జతపరచుకుంటేనే ముందడుగు పడుతుంది.

ఇక్కడ సాహిత్య పరిశోధకులు తరచుగా పొరబడే విషయం ఒకటి ఉంది. అరెస్టు వేరు, శిక్ష వేరు. జైలులో ఉన్న ప్రతివారూ నేరనిర్ధారణ జరిగినవారు కారు. జాతీయోద్యమ కాలంలో అనేకులపై 108వ సెక్షన్ ప్రయోగించారు. రాజద్రోహకరమైన ప్రసంగాలు, రాతలు వ్యాపింపజేస్తున్నారన్న కారణంతో సత్ప్రవర్తనకు జామీను కోరడం ఈ సెక్షన్ సారం. జామీను ఇవ్వ నిరాకరించినవారు జైలుకు వెళ్లారు. ఇది 124-ఏ కింద రాజద్రోహానికి పడిన శిక్షతో సమానం కాదు. "రాజద్రోహ నేరంపై శిక్ష పడింది" అని రాసేముందు సెక్షన్ చూడడం అవసరం. జామీను తిరస్కరించి జైలును ఎంచుకోవడంలోని నైతిక నిర్ణయం ఆ వ్యక్తి రచనలను అర్థం చేసుకోవడానికి కూడా తోడ్పడుతుంది.

5. జైలు రిజిస్టర్లు

1894 నాటి కారాగార చట్టం 12వ సెక్షన్ ప్రకారం జైలు సూపరింటెండెంటు ఐదు రకాల దస్త్రాలు నిర్వహించాలి. అవి: చేరిన ఖైదీల రిజిస్టరు, విడుదల తేదీల పుస్తకం, జైలు నేరాలకు విధించిన శిక్షల పుస్తకం, సందర్శకుల అభిప్రాయాల పుస్తకం, ఖైదీల నుంచి తీసుకున్న డబ్బు, వస్తువుల వివరం. 24వ సెక్షన్ ప్రకారం ఖైదీ చేరినప్పుడు అతని ఆరోగ్యస్థితి, ఒంటిమీది గాయాలు, గుర్తులు, కఠినశిక్ష పడితే ఏ తరగతి పని చేయగలడన్నది వైద్యాధికారి నమోదు చేయించాలి.

పరిశోధకునికి ఈ పుస్తకాలు ఒక్కొక్కటీ ఒక్కో ప్రశ్నకు సమాధానం ఇస్తాయి. చేరిన తేదీ, విడుదల తేదీ కలిపితే జైలులో గడిపిన అసలు కాలం తేలుతుంది. తీర్పులోని శిక్షాకాలానికీ దీనికీ తేడా ఉండవచ్చు. శిక్షల పుస్తకం జైలు లోపలి నిరసనలను, నిరాహారదీక్షలను పట్టి ఇస్తుంది. వైద్యపు నమోదు పోలీసు కస్టడీలో దెబ్బలు తగిలాయా అన్న ప్రశ్నకు సాక్ష్యం కావచ్చు. 1930 నుంచి అమలైన ఎ, బి, సి తరగతుల విభజన, ఖైదీ సామాజిక స్థాయిని ప్రభుత్వం ఎలా అంచనా వేసిందో చూపుతుంది.

ఖైదీలు స్థిరంగా ఒకేచోట ఉండరు. తెలుగు జిల్లాల రాజకీయ ఖైదీలను రాజమండ్రితో పాటు వెల్లూరు, తిరుచిరాపల్లి, కన్ననూరు, బళ్లారి సమీపంలోని అలీపురం జైళ్లకూ పంపేవారు. ఆ జైళ్లు నేడు మరో మూడు రాష్ట్రాలలో ఉన్నాయి. "మాకొద్దీ తెల్లదొరతనము" గీతకర్త గరిమెళ్ళ సత్యనారాయణ విషయమే చూడవచ్చు. ఆయన స్వస్థలమైన నరసన్నపేట ప్రాంతం ఆనాడు గంజాం జిల్లా. జైలు గోదావరి జిల్లాలోని రాజమండ్రి. ప్రభుత్వ స్థాయి దస్త్రాలకు చోటు మద్రాసు. ఒక్క కవి కోసం మూడు దారులు తొక్కవలసి ఉంటుంది.

6. పేర్లు, శీర్షికలు

దస్త్రం ఉండి కూడా దొరకకపోవడానికి ప్రధాన కారణం పేరు. ఇంటిపేరు ముందా, వెనుకా అన్న నియమం గుమాస్తాలకు లేదు. తెలుగు పేరు ఇంగ్లీషు లిపిలో రెండు మూడు తీరుల కనిపిస్తుంది. తండ్రిపేరు, కులనామం, మారుపేరు కలిసిపోతాయి. జనం నోట సీతారామరాజుగా నిలిచిన వ్యక్తి అసలు పేరు శ్రీరామరాజు. నాటి అధికార పత్రాలలో ఆ పేరుతోనే వెతకాలి. కొండప్రాంతంలో అనేకులకు ఒకే పేరు ఉంటుంది కనుక గ్రామం, ముఠా, తండ్రిపేరు మూడూ సరిచూసుకోవాలి.

విషయ శీర్షికలూ అంతే. సూచికలలో "స్వాతంత్ర్య పోరాటం" అన్న మాట ఉండదు. కొండప్రాంతపు తిరుగుబాట్లకు అధికారులు వాడిన మాట "ఫితూరీ". వ్యక్తులపై మోపిన నేరాలు బందిపోటు, హత్య, రాజుపై యుద్ధం. పాటలు, కరపత్రాల విషయం నిషిద్ధ ప్రచురణల శీర్షిక కింద ఉంటుంది. ఈ చివరి వర్గం సాహిత్య పరిశోధకులకు విశేషమైనది. ప్రభుత్వ అనువాదకులు పాటలను, పత్రికావ్యాసాలను ఇంగ్లీషులోకి మార్చి దస్త్రానికి జతచేసేవారు. మూలప్రతి నశించిన చోట ఆ అనువాదమే మిగిలి ఉండవచ్చు. ఏ పంక్తి కింద గీత గీశారో చూస్తే పాలకులు దేనికి జంకారో కూడా తెలుస్తుంది.

7. లభ్యస్థానాలు

మద్రాసు ప్రభుత్వ ఉత్తర్వులు, రహస్య దస్త్రాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు అభిలేఖాగారంలో ఉన్నాయి. అక్కడ శాఖ పేరు, జి.ఓ. సంఖ్య, తేదీ మూడూ తెలిస్తే పని సులువు. వీటిని వార్షిక సూచికల నుంచి ముందుగా రాసుకోవాలి. పోలీసు, జైళ్ల వార్షిక పాలనా నివేదికలు వ్యక్తుల పేర్లు చెప్పకపోయినా, ఆ ఏడు జైళ్ల స్థితిని అంకెలలో చూపుతాయి. జాతీయ అభిలేఖాగారపు హోం రాజకీయ దస్త్రాలలో కొన్నింటిని అభిలేఖ్ పటల్ అనే వెబ్‌సైటులో ఇంటి నుంచే చూడవచ్చు. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో దేశభాషా పత్రికలపై వారాంతపు నివేదికలు, నిషిద్ధ సాహిత్యం ఉన్నాయి. 1953, 1956, 2014 సంవత్సరాలలో జరిగిన రాష్ట్ర మార్పులతో తరువాతి దస్త్రాలు ఎటు చేరాయో కూడా విచారించాలి.

స్వాతంత్ర్యానంతర దస్త్రాలకు దారి వేరు. సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తుకు 30 రోజులలో సమాధానం రావాలి. దర్యాప్తుకు ఆటంకమన్న కారణంతో 8(1)(హెచ్) కింద తిరస్కరణ సాధారణం. అయితే 8(3) ప్రకారం, 20 సంవత్సరాలు దాటిన సంఘటనల సమాచారానికి దేశభద్రత, శాసనసభా హక్కులు, మంత్రివర్గ పత్రాలకు సంబంధించినవి తప్ప మిగిలిన మినహాయింపులు వర్తించవు. అత్యవసర పరిస్థితి కాలపు నిర్బంధాలపై పనిచేసేవారు దరఖాస్తులోనే ఈ నిబంధనను పేర్కొనడం మంచిది.

ఇటీవలి కేసులకు సంబంధించి, సున్నితమైనవి మినహా ఎఫ్.ఐ.ఆర్.లను 24 గంటలలో వెబ్‌సైటులో ఉంచాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో స్టేషన్ పేరు, ఎఫ్.ఐ.ఆర్. సంఖ్య, సంవత్సరం ఇచ్చి కేసు స్థితి తెలుసుకోవచ్చు. విశాఖ నగర కమిషనరేటు, జిల్లా పోలీసు, రైల్వే పోలీసు వేరువేరు పరిధులు గనుక అరెస్టు జరిగిన చోటును ముందు నిర్ధారించుకోవాలి.

8. దస్త్రం నిర్ణయించేది ఏమిటి?

ఈ దస్త్రాలు పాదసూచికల కోసం మాత్రమే కాదు. 1972లో కేంద్రం ప్రారంభించిన స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకం సాధారణంగా కనీసం ఆరు నెలల జైలుశిక్షను అర్హతగా పెట్టింది. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి మూడు నెలలు. జైలు రిజిస్టరు దొరకని చోట సహఖైదీల ధ్రువపత్రాలు అడిగారు. రిజిస్టరులో పేరు తప్పుగా పడినవారికి, సహఖైదీలు మరణించినవారికి, చదువురానివారికి రుజువు ఎంత కష్టమో ఊహించవచ్చు. ఆ దరఖాస్తుల దస్త్రాలు కూడా నేడు పరిశోధకులకు విలువైన ఆధారాలే.

దస్త్రం చెప్పేది ప్రభుత్వం చేసిన పనిని. మనిషి స్వభావాన్ని కాదు. గూడెం తిరుగుబాటులో పట్టుబడి అండమాన్‌కు వెళ్లిన గాము మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఒక దస్త్రంలో ఖైదీ, మరొక దస్త్రంలో ప్రజాప్రతినిధి. మొదటిది మాత్రమే చదివిన పరిశోధకునికి సగం మనిషే దొరుకుతాడు. అదేవిధంగా, 1952లో రద్దయిన నేరస్థ తెగల చట్టం కింద నమోదైన కుటుంబాల వారసులు నేడూ మన మధ్య ఉన్నారు. ఆ రిజిస్టర్లలోని పేర్లను యథాతథంగా ప్రచురిస్తే పాత ముద్రను మళ్లీ వేసినట్లవుతుంది. అక్కడ పేర్లు తొలగించి విషయాన్ని మాత్రమే వినియోగించడం సముచితం.

9. ముగింపు

కాలం నాటి జిల్లా ఎల్లలు, అరెస్టు జరిగిన స్టేషన్, సెక్షన్, న్యాయస్థానం, జైలు, బదిలీ, విడుదల: ఈ క్రమంలో సాగితే ఒక చోట తెగిన దారి మరొక చోట కలుస్తుంది. దొరికిన దస్త్రాన్ని ఆత్మకథలతో, పత్రికలతో, ఊరివారి జ్ఞాపకాలతో పోల్చి చూసినప్పుడే అది చరిత్ర అవుతుంది. తెలుగు సిద్ధాంతవ్యాసాలలో "జైలుకు వెళ్లారు" అన్న వాక్యం పక్కన ఇకనైనా సెక్షన్, తేదీ, జైలు పేరు చేరాలి. అవి లభించనప్పుడు ఎక్కడెక్కడ వెతికారో చెప్పాలి. తరువాతి పరిశోధకుడు అక్కడి నుంచి మొదలుపెట్టగలడు.