రక్తములోని భారలోహములు

సీసము, కాడ్మియము, పాదరసము అను మూడును భారలోహములు. ఇనుమువలె ఇవి శరీరమునకు అవసరమైనవి కావు. అయినను పెద్దవారి రక్తమును పరీక్షించినచో వీని జాడలు సాధారణముగా కనిపించును. ఒకే ఊరిలో నివసించు ఇద్దరి రక్తములో ఇవి సమానముగా ఉండవు. చేయు పని, తిను తిండి, పీల్చు గాలి ఈ భేదమునకు కారణములు.

పొగాకు మొక్క నేలలోని కాడ్మియమును గ్రహించి ఆకులలో నిలుపుకొనును. చుట్ట, బీడీ, సిగరెట్టు కాల్చినపుడు అది పొగతో ఊపిరితిత్తులను చేరి రక్తములో కలియును. అందుచే పొగ త్రాగువారి రక్తములో కాడ్మియము, త్రాగనివారికంటె సుమారు నాలుగైదు రెట్లు ఉండును. తుదకది మూత్రపిండములలో చేరి ఏండ్ల తరబడి నిలిచిపోవును.

పాదరసము ముఖ్యముగా చేపలద్వారా వచ్చును. నీటి అడుగునగల సూక్ష్మజీవులు దానిని మిథైల్ పాదరసముగా మార్చును. చిన్న చేపలను పెద్ద చేపలు తినుటచే దాని మోతాదు మెట్టుమెట్టుగా పెరుగును. కావున సొర వంటి పెద్ద చేపలను తరచు తినువారి రక్తములో ఇది హెచ్చుగా ఉండును.

సీసము పెద్దవారికి ఎక్కువగా వృత్తివలన సోకును. పాత బాటరీలను పగులగొట్టి సీసమును కరగించువారు దాని ధూళిని పీల్చుదురు. కడుగని చేతులతో తినునపుడు మ్రింగుదురు. ఆహారములో ఇనుము, కాల్షియము లోపించినచో ప్రేగులు సీసమును మరింతగా గ్రహించును. రక్తములో చేరిన సీసము సుమారు నెల దినములలో సగమునకు తగ్గును. కాని అదంతయు బయటకు పోదు. కొంత ఎముకలలో చేరి పదుల సంవత్సరములు దాగియుండి, వార్ధక్యమున ఎముకలు క్షీణించునపుడు మరల రక్తములోనికి వచ్చును. పని మానిన చాలకాలమునకును రక్తములో సీసము కనిపించుటకు ఇదియే కారణము.

అయితే అంతయు వ్యక్తుల అలవాట్లపైననే ఆధారపడి ఉన్నదా? లేదు. 1920 దశాబ్దమునుండి పెట్రోలులో సీసపు సమ్మేళనమును కలుపుచు వచ్చిరి. మోటారు బండ్ల పొగతో అది వీధులలోని గాలిలో కలిసెను. అమెరికాలో దాని వాడకమును తగ్గించినపుడు, 1976-1980 మధ్య ప్రజల రక్తములోని సగటు సీసము సుమారు 37 శాతము పడిపోయెను. ఇందులకై ఎవరును తమ తిండినిగాని, అలవాటునుగాని మార్చుకొనవలసిన పని లేకపోయెను. భారతదేశములో 2000లో ఆ పెట్రోలు అమ్మకము నిలిచినది. ప్రపంచములో చివరిగా 2021లో అల్జీరియా దానిని మానినది.

100 మిల్లీలీటర్ల రక్తములో సీసము 5 మైక్రోగ్రాములు, అనగా గ్రాములో రెండు లక్షలవ వంతు, ఉన్నను అది వచ్చు మార్గమును కనుగొని అరికట్టవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. ఆ స్థితిలో మనిషికి ఏ బాధయు తెలియకపోవచ్చును. అందుచే సీసముతో పనిచేయువారు రోగలక్షణములకొరకు వేచియుండక, క్రమముగా రక్తపరీక్ష చేయించుకొనవలెను. పని దుస్తులను ఇంటికి తేరాదు.