ఎక్కడ కాపాడాలి? లెక్క కట్టే మార్క్సాన్ కథ

వన్యప్రాణులకు చోటు వదిలే విషయంలో ప్రభుత్వాలు చాలాకాలం ఒకటే దారిలో నడిచాయి. పంట పండని నేల, ఖనిజం దొరకని లోయ, మనిషి ఎక్కలేని కొండ ఉంటే దానికి హద్దులు గీసి రక్షిత ప్రాంతమని ప్రకటించేవి. 1872లో అమెరికా ఎల్లోస్టోన్‌ను జాతీయ పార్కుగా చేసిందంటే అక్కడి వేడినీటి బుగ్గలూ జలపాతాలూ చూసి ముచ్చటపడే. 1879లో సిడ్నీ పక్కన వెలసిన పార్కు నగరవాసుల విహారం కోసం. దాంతో పటం మీద పచ్చరంగు పెరుగుతూ వచ్చినా, సారవంతమైన మైదానాల్లో, గడ్డిభూముల్లో, ఏటి ఒడ్డున బతికే జీవాలకు అందులో వాటా దక్కలేదు. ఆ నేల మీద రైతుకూ వ్యాపారికీ కూడా కన్ను ఉంది మరి.

ఈ అన్యాయాన్ని సరిచేయడానికి లెక్కల దారి పట్టిన వాళ్లలో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ముందుంటారు. అక్కడ పుట్టిన మార్క్సాన్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఇప్పుడు వందకు పైగా దేశాల్లో వాడుతున్నారు.

ఇద్దరు కిర్క్‌ప్యాట్రిక్‌లు

1983లో టాస్మానియా ద్వీపంలో జేమీ కిర్క్‌ప్యాట్రిక్ అనే పరిశోధకుడు కొత్త రక్షిత ప్రాంతాలను ఎంచుకోవడానికి ఒక పద్ధతి ప్రతిపాదించాడు. అందులోని సూత్రం సులువైనదే. ఒక అడవిలో పది అరుదైన మొక్కలున్నాయి. రెండో అడవిలో తొమ్మిది ఉన్నా అవన్నీ మొదటి అడవిలోనూ ఉన్నవే. మూడో అడవిలో నాలుగే ఉన్నాయి, కానీ ఆ నాలుగూ మరెక్కడా లేవు. రెండింటికే చోటుందంటే మార్కుల ప్రకారం మొదటిదీ రెండోదీ గెలుస్తాయి, కాపాడేది మాత్రం పది మొక్కలనే. మొదటిదానితో మూడోదాన్ని కలిపితే పద్నాలుగు దక్కుతాయి. అందుకే ఒక చోటును ఎంచుకున్న ప్రతిసారీ, అప్పటికి దక్కినవి పోగా ఇంకా దక్కాల్సినవి ఏమిటో మళ్లీ లెక్కవేయాలన్నాడాయన. న్యూ సౌత్ వేల్స్‌లో బాబ్ ప్రెస్సీ ఈ ఆలోచనను మరింత ముందుకు తీసుకెళ్లి, అడవుల పంపకంపై జరిగే చర్చల బల్ల మీదికే కంప్యూటర్‌ను తెచ్చాడు.

చోట్లు పదో ఇరవయ్యో అయితే ఒకదాని తర్వాత ఒకటి ఎంచుకుంటూ పోవచ్చు. వేలల్లో ఉంటే ఈ దారి బెడిసికొడుతుంది. మొదట్లో ఆత్రంగా తీసుకున్న చోటు, చివరికి వచ్చేసరికి అనవసరమని తేలవచ్చు. పోనీ అన్ని కలయికలనూ పరీక్షిద్దామా? ఒక్కో గడిని తీసుకోవడమో వదలడమో చేయవచ్చు కాబట్టి ఇరవై గడులకే పది లక్షల పైచిలుకు కలయికలు వస్తాయి. వంద గడులకు వచ్చే సంఖ్యలో 31 అంకెలుంటాయి. ఏ కంప్యూటరూ వాటన్నింటినీ ఒక్కొక్కటిగా చూసి ముగించలేదు.

దీనికి మందు అదే 1983లో, అడవులతో ఏ సంబంధమూ లేని చోట దొరికింది. ఐబీఎం సంస్థలో స్కాట్ కిర్క్‌ప్యాట్రిక్, ఇద్దరు సహచరులతో కలిసి లోహశాస్త్రం నుంచి ఒక ఉపాయాన్ని అరువు తెచ్చుకున్నాడు. కొలిమిలో కాగిన ఉక్కును గభాలున నీళ్లలో ముంచితే పెళుసుబారుతుంది. నెమ్మదిగా చల్లారనిస్తే లోపలి పరమాణువులు కుదురుగా సర్దుకుంటాయి. లెక్కనూ అలాగే చల్లార్చాలన్నది ఆయన ఆలోచన. మొదట్లో కంప్యూటర్‌ను విచ్చలవిడిగా తిరగనివ్వాలి, చెడ్డ అడుగు వేసినా అప్పుడప్పుడు ఒప్పుకోవాలి. పోనుపోను పగ్గం బిగించాలి. దగ్గర్లో దొరికిన ఓ మోస్తరు జవాబుతోనే ఆగిపోకుండా, మేలైన జవాబు దాకా చేరడానికి ఈ స్వేచ్ఛ తోడ్పడుతుంది.

పుట్టుక, పనితీరు

ఈ రెండు పాయలనూ కలిపినవాడు అడిలైడ్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న ఇయాన్ బాల్. గణిత జీవావరణ శాస్త్రవేత్త హ్యూ పాసింగ్‌హామ్ దగ్గర ఆయన పీహెచ్‌డీ చేశాడు. ఆ పరిశోధనలో ఒక భాగం చెట్ల తొర్రల గురించి, మరో భాగం రక్షిత ప్రాంతాల రూపకల్పన గురించి. ఆ రెండో భాగం నుంచే స్పెక్సాన్ అనే ప్రోగ్రాం వచ్చింది. దాన్ని ఆస్ట్రేలియా తీరంలోని పగడపు దిబ్బల వరుస గ్రేట్ బ్యారియర్ రీఫ్ అవసరాలకు తగ్గట్టు మార్చగా మార్క్సాన్ అయింది.

దీన్ని వాడేవాళ్లు ముందుగా తమ ప్రాంతాన్ని గడులుగా విడగొడతారు. ఒక్కో గడిలో ఏ జీవాలు, ఏ రకం ఆవాసాలు ఎంతమేర ఉన్నాయో నమోదు చేస్తారు. ఒక్కోదానిలో ఎంత శాతం కాపాడాలో లక్ష్యం పెడతారు. గడికో వెల కూడా వేస్తారు. అది భూమి ధర కావచ్చు, అక్కడ వేట ఆగితే జాలరులు నష్టపోయే ఆదాయం కావచ్చు. ఆపైన కంప్యూటర్ కొన్ని గడులను యాదృచ్ఛికంగా ఎంచుకుని, ఒకదాన్ని కలుపుతూ మరొకదాన్ని తీసేస్తూ లక్షలసార్లు ప్రయత్నిస్తుంది. ప్రతి అమరికకూ మూడు పద్దులు కూడి మార్కు వేస్తుంది. ఎంచుకున్న గడుల వెల మొదటిది. వాటి మొత్తం హద్దు పొడవు రెండోది. అందుకోలేని లక్ష్యాలకు జరిమానా మూడోది. మార్కు ఎంత తగ్గితే ఆ పథకం అంత మంచిదన్నమాట. హద్దు పొడవును లెక్కలోకి తీసుకోకపోతే గడులు చెల్లాచెదురుగా వస్తాయి. అలాంటి ముక్కలను కాపలా కాయడం కష్టం, జీవాలకూ అవి చాలవు.

మార్క్సాన్ ఒక్క జవాబుతో సరిపెట్టదు. అదే లెక్కను వందసార్లు చేయిస్తే దాదాపు సమానంగా మంచివైన వంద పథకాలు ఇస్తుంది. వాటిలో తొంభైసార్లు కనిపించిన గడిని వదులుకుంటే దానికి బదులు దొరకడం కష్టం. నలభైసార్లే కనిపించిన గడి విషయంలో బేరానికి వీలుంది. అధికారికీ జాలరికీ మధ్య మాట కుదరాలంటే, ఎక్కడ పట్టుబట్టాలో ఎక్కడ సడలించవచ్చో ముందే తెలియడం పెద్ద ఉపకారం.

సముద్రంలో పరీక్ష

గ్రేట్ బ్యారియర్ రీఫ్ సముద్ర పార్కు విస్తీర్ణం 3,44,400 చదరపు కిలోమీటర్లు. రెండు తెలుగు రాష్ట్రాలనూ కలిపినా అంత ఉండవు. 1975లో చట్టం చేసి దాన్ని పార్కు అన్నారే గాని, చేపల వేటను పూర్తిగా నిషేధించిన భాగం చాలాకాలం 4.5 శాతమే. ఆ కాస్తా ఎక్కువగా పగడపు దిబ్బల మీదే ఉండేది. దిబ్బల నడుమ ఇసుక మేటలకూ, సముద్రగర్భపు గడ్డి మైదానాలకూ రక్షణ దాదాపు ఉండేది కాదు. డ్యుగాంగ్‌లనే సముద్ర క్షీరదాలు మేసేది ఆ గడ్డినే.

శాస్త్రవేత్తలు ఈ సముద్రాన్ని 70 జీవ ప్రాంతాలుగా విభజించి, ఒక్కోదానిలో కనీసం 20 శాతం వేట లేని మండలంగా ఉండాలన్నారు. పటం మీద 17,000కు పైగా గడులు వచ్చాయి. వాటి కలయికల సంఖ్య రాయాలంటే 5,000కు పైగా అంకెలు కావాలి. మార్క్సాన్ ఇచ్చిన పటాలను ముందు పెట్టుకుని అధికారులు జనం మధ్యకు వెళ్లారు. రెండు విడతల్లో 31,000కు పైగా అభిప్రాయాలు వచ్చాయి. వాటిని బట్టి గీతలను చేత్తోనే జరిపారు. 2004 జులై 1న కొత్త మండలాలు అమల్లోకి వచ్చేసరికి వేట నిషేధిత భాగం 33 శాతానికి చేరింది. కంప్యూటర్ గీసిన పటం యథాతథంగా చట్టం కాలేదు. అయినా, ఏ గీతను జరిపితే ఏ లక్ష్యం దెబ్బతింటుందో వెంటనే చూసుకునే వీలు దానివల్లే కలిగింది.

ఫలితాలు త్వరగానే కనిపించాయి. రెండేళ్లు తిరక్కముందే నిషేధిత దిబ్బల్లో చాలాచోట్ల కోరల్ ట్రౌట్ చేపలు గణనీయంగా పెరిగినట్లు పరిశీలనల్లో తేలింది. లెక్క తప్పిన చోటూ ఉంది. నష్టపోయిన జాలరులకూ తీరంలోని వ్యాపారాలకూ ప్రభుత్వం చెల్లించిన మొత్తం తొలి అంచనాను ఎన్నో రెట్లు దాటి, 20 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లను మించింది. వెల గళ్లో మనం వేసే అంకెను కంప్యూటర్ నమ్ముతుంది తప్ప ప్రశ్నించదు. ఇక 2016, 2017లలో సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబారినప్పుడు రక్షిత మండలాలూ తప్పించుకోలేదు. పటం మీది గీత వలను ఆపగలదు, వేడిని ఆపలేదు.

అందరి చేతికీ

మొదట్లో మార్క్సాన్ నేర్చుకోవడం చిన్న పని కాదు. ఫైళ్లను ఓ క్రమంలో చేత్తో తయారుచేసుకోవాలి, పటాల సాఫ్ట్‌వేర్ విడిగా తెలిసుండాలి. ఈ కాలంలో దానికి ఆన్‌లైన్ వేదిక వచ్చింది. ద నేచర్ కన్సర్వెన్సీ వంటి సంస్థల భాగస్వామ్యంతో తయారైన ఆ వేదికలో బ్రౌజర్ తెరిచి, గడులు గీసి, లక్ష్యాలు పెట్టి, పథకాలను పక్కపక్కన పోల్చి చూడవచ్చు. ఫిన్లాండ్‌లో పుట్టిన జోనేషన్ లాంటి తోటి పనిముట్లూ ఈ రంగంలో ఉన్నాయి.

వీటి అవసరం మునుపటికన్నా పెరిగింది. 2012 అక్టోబరులో జీవవైవిధ్య ఒప్పంద దేశాలు హైదరాబాద్‌లో సమావేశమైనప్పుడు వాటి ముందున్న లక్ష్యం 2020 నాటికి నేలలో 17 శాతం, సముద్రంలో 10 శాతం కాపాడటం. 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో అదే దేశాలు 2030 నాటికి రెండింటిలోనూ 30 శాతమని ఒప్పుకున్నాయి. ఎడారో మంచో ఉన్న దేశానికి వాటిని కలిపి 30 శాతం చూపించడం తేలికే. పాత అలవాటు మళ్లీ తల ఎత్తకుండా ఉండాలంటే, ఎంత కాపాడామన్నదానితో పాటు ఏది కాపాడామన్నదీ లెక్కలో ఉండాలి.

ఆ లెక్కను మార్క్సాన్ బాగా చేస్తుంది. ఏ జీవికి ఎంత వాటా ఇవ్వాలో, ఎవరి నష్టానికి ఎంత విలువ కట్టాలో మాత్రం అది చెప్పదు. అవి మనుషులు కూర్చుని తేల్చుకోవాల్సినవి. మీ ప్రాంతంలో అడవికో చెరువుకో తీరానికో రక్షణ పథకం అంటూ ఒక పటం మీ ముందుకొస్తే, రంగులు చూసి ఊరుకోకండి. ఏ లక్ష్యాలు పెట్టారు, ఎవరి జీవనోపాధిని వెల కింద లెక్కించారు, ఏ సంవత్సరపు సమాచారం వాడారు అని అడగండి. ఈ మూడింటికీ జవాబు చెప్పలేని పటం ఏ కంప్యూటర్‌లో తయారైనా ఒప్పుకోవాల్సిన పని లేదు.