చదివింది ఒకచోట, లెక్క తేలేది మరోచోట

డిగ్రీ అంటే ఒక కాలేజీలో చేరి, మూడేళ్ళో నాలుగేళ్ళో అక్కడే చదివి, అక్కడి పట్టా తీసుకోవడమేనని మన ఇళ్ళలో చాలామంది పెద్దల అభిప్రాయం. వారి కాలంలో అది నిజమే. ఇప్పుడు ప్రధాన విషయాన్ని తన కాలేజీలో చదువుతూనే, దానికి తోడుగా మరో విషయాన్ని వేరే విద్యాసంస్థ నుంచి నేర్చుకునే వీలు విద్యార్థికి కలిగింది. ఈ తోడు చదువునే 'మైనర్' అంటున్నారు. ఇంజనీరింగులో దీనికోసం మామూలు డిగ్రీకి పైన 18 నుంచి 20 క్రెడిట్లు అదనంగా సంపాదించాలి.

ఊరు దాటి విద్య సంపాదించడం మనకు కొత్త కాదు. పూర్వం విద్యార్థులు ఒక్కో శాస్త్రానికి ఒక్కో ఉస్తాదును వెతుక్కుంటూ బాగ్దాదు, డమాస్కస్, కైరో నగరాలకు వెళ్ళేవారు. చదువు పూర్తయ్యాక 'ఇజాజా' అనే పత్రాన్ని ఇచ్చేది మదరసా కాదు, పాఠం చెప్పిన ఉస్తాదే. విద్యార్థి ఏ ఊరు వెళ్ళినా ఆ పత్రం అతని వెంటే ఉండేది.

నేటి ఏర్పాటు ఇది: 2003లో ఐఐటీలు, బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ కలిసి 'ఎన్‌పీటెల్' పేరుతో పాఠాలను అందరికీ అందించే పని చేపట్టాయి. 2017లో కేంద్ర ప్రభుత్వం 'స్వయం' వేదికను ప్రారంభించింది. ఒక సెమిస్టరులోని కోర్సుల్లో 40 శాతం వరకు 'స్వయం' ద్వారా చదవడానికి విశ్వవిద్యాలయాలు అనుమతించవచ్చని 2021లో యూజీసీ నిబంధన చేసింది. అదే ఏడాది 'అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్' కూడా వచ్చింది. బ్యాంకు ఖాతాలో డబ్బు జమ అయినట్టే విద్యార్థి పేరున క్రెడిట్లు జమ అవుతాయి.

కాగితం మీద ఇంత సులువుగా ఉన్నది ఆచరణలో ఎలా ఉందో తెలుసుకోవడానికి, గుంటూరులో సివిల్ ఇంజనీరింగు పూర్తిచేసిన ఒక అమ్మాయితో మేము మాట్లాడాం. ఆమె తండ్రి ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేస్తారు. కంప్యూటర్ సైన్సును మైనర్‌గా తీసుకోవాలని ఆమె కోరిక. నాలుగో సెమిస్టరులో రెండు ఎన్‌పీటెల్ కోర్సులకు పేరిచ్చింది. పాఠాలు వినడం ఉచితం. పరీక్షకు మాత్రం ఒక్కోదానికి వెయ్యి రూపాయలు. "కాలేజీకి కట్టే ఫీజు చాలదా బేటీ?" అన్నారట తండ్రి. అయినా డబ్బు సర్దారు, పరీక్షకు విజయవాడ దాకా వెంట వెళ్ళారు.

ఈ కోర్సుల్లో వారం వారం అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షకు 75 మార్కులు. మొదటిదానిలో కనీసం 10, రెండోదానిలో కనీసం 30 వస్తేనే సర్టిఫికెట్. ఆమె రెండూ మంచి మార్కులతో గట్టెక్కింది. ఆ సర్టిఫికెట్లు కాలేజీ ఆఫీసులో ఇస్తే, "ఈ కోర్సులు మా జాబితాలో లేవు" అన్న జవాబు వచ్చింది.

"చదివింది నేను, పరీక్ష రాసింది నేను. మార్కులు వేసింది ఐఐటీ వాళ్ళు. అయినా లెక్కలోకి రాలేదు సార్," అని ఆ అమ్మాయి మాతో అన్నది. ఏయే కోర్సులను అంగీకరిస్తారో సెమిస్టరు మొదలవకముందే కాలేజీ తెలపాలన్నది నియమం. ఆ జాబితా ఆమె దాకా రానేలేదు. పోయినవి రెండు వేల రూపాయలే కాదు, ఒక పూర్తి సెమిస్టరు శ్రమ కూడా.

తండ్రి మాత్రం "మానెయ్" అనలేదు. ఈసారి విభాగాధిపతి దగ్గరికి తానూ వెళ్ళి, అనుమతి రాతపూర్వకంగా ఇమ్మని అడిగారు. పన్నెండు వారాల కోర్సుకు మూడు క్రెడిట్ల చొప్పున, 18 క్రెడిట్లకు ఆరు కోర్సులు కావాలి. అయిదో సెమిస్టరులో రెండు, ఆరులో రెండు, ఆఖరి ఏడాది సెమిస్టరుకు ఒకటి చొప్పున ఆమె పూర్తిచేసింది. ఆరు కోర్సుల మైనర్ కోసం ఎనిమిది పరీక్షలు రాసింది. పట్టా మీద మైనర్ పేరు చూసిన రోజున తండ్రి దాన్ని మూడుసార్లు చదివించుకున్నారట.

మన ఇళ్ళలో ఎందరో పిల్లలు తమ ఇంట్లో మొట్టమొదట కాలేజీ గడప తొక్కినవారు. నియమాలు విడమరచి చెప్పే అన్నలు, అక్కలు వారికి ఉండరు. చదువు తెలిసిన కుటుంబంలో ఒక్క ఫోనుతో తేలే విషయానికి వీరు ఆరు నెలలు మూల్యం చెల్లిస్తారు. కాబట్టి మైనర్ చదవాలని మీ పిల్లలు అడిగితే వద్దనకండి. ఫీజు కట్టకముందే నాలుగు సంగతులు తేల్చుకోండి. కోర్సు కాలేజీ ఆమోదించిన జాబితాలో ఉన్నదా? దానికి ఎన్ని క్రెడిట్లు? పరీక్ష తేదీ కాలేజీ పరీక్షలతో ఢీకొంటుందా? క్రెడిట్ల ఖాతా తెరిచారా? జవాబులు నోటిమాటగా కాక కాగితం మీద తీసుకోండి.

మీ వీధిలో ఇప్పటికే ఈ దారి నడిచిన అబ్బాయిగానీ అమ్మాయిగానీ ఉంటే, ఒక సాయంత్రం ఇంటికి పిలిచి మీ పిల్లలతో కూర్చోబెట్టండి. కాలేజీ నోటీసుబోర్డు చెప్పనిది వారు చెప్పగలరు.