ఒక్కో రంగుకూ ఒక్కో తెర: చేత్తో ముద్రించే గ్రీటింగ్ కార్డు పిల్లలకు ఏం నేర్పుతుంది?



సంక్రాంతి నెల పట్టగానే బజారులో ముగ్గు జల్లెడలు కనిపిస్తాయి. చిల్లులున్న ఆ ప్లాస్టిక్ పళ్లేన్ని నేల మీద పెట్టి, రంగు పోసి చేత్తో రుద్దితే చిల్లులున్న చోట రంగు దిగుతుంది, లేని చోట దిగదు. పళ్లెం ఎత్తితే ముగ్గు సిద్ధం. సిల్క్‌స్క్రీన్ ముద్రణ సూత్రం కూడా ఇదే. హైదరాబాద్ ఛత్తా బజార్ వంటి చోట్ల శుభలేఖలు వేసే దుకాణాల్లో ఇది రోజూ జరిగే పని. మనవాళ్లు దీన్ని స్క్రీన్ ప్రింటింగ్ అంటారు.

దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. అందుకే ఇంట్లో ఒక గదినే స్టూడియోగా మార్చుకుని, చేత్తో గ్రీటింగ్ కార్డులు ముద్రించే చిత్రకారులు ఎన్నో దేశాల్లో ఉన్నారు. వాళ్లు ఎలా పనిచేస్తారో చూస్తే, మన పిల్లల ప్రాజెక్టు పనుల గురించి కూడా కొంత ఆలోచించాల్సి వస్తుంది.

సున్న మధ్య ముక్క ఎక్కడికి పోతుంది?

ఒక అట్ట మీద ‘రంగు’ అని రాసి, అక్షరాలను కత్తిరించి తీయండి. సున్న చుట్టూ కోయగానే మధ్యలోని గుండ్రటి ముక్క ఊడి కింద పడుతుంది. రంగు వేస్తే సున్నకు బదులు నిండు చుక్క వస్తుంది. స్టెన్సిల్‌తో పనిచేసే ప్రతి ఒక్కరికీ ఎదురయ్యే చిక్కు ఇది. బట్టల మీద అద్దకానికి వాడే ‘కటగామి’ అనే కాగితపు అచ్చుల్లో, జపాన్ పనివాళ్లు ఇలాంటి ముక్కలు కదలకుండా సన్నని పట్టుదారాలతో పట్టి ఉంచేవారు. అచ్చు మొత్తాన్నీ పల్చటి పట్టుబట్టే మోస్తే ఏ ముక్కా ఊడిపోదు. 1907లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో శామ్యూల్ సైమన్ ఈ పట్టుతెర పద్ధతికి పేటెంట్ పొందారు. ఇప్పుడు పట్టు స్థానంలో పాలియెస్టర్ బట్ట వచ్చింది కానీ పేరులో ‘సిల్క్’ అలాగే ఉండిపోయింది.

ఇంటి స్టూడియోలో పని ఇలా సాగుతుంది. ఫ్రేముకు బిగించిన బట్టకు ఎమల్షన్ పూసి, వెలుతురు తగలకుండా ఆరబెడతారు. పారదర్శకమైన షీటు మీద నల్లగా గీసిన బొమ్మను దానిపై ఉంచి గట్టి వెలుతురు చూపిస్తారు. వెలుతురు పడిన చోట ఎమల్షన్ గట్టిపడుతుంది. నల్లటి గీతల నీడ పడిన చోట మెత్తగానే ఉండి, నీళ్లతో కడిగితే పోతుంది. తెర కింద కార్డు పెట్టి, పైన రంగు పోసి, ‘స్క్వీజీ’ అనే రబ్బరు పట్టీతో ఒక్కసారి లాగితే బొమ్మ కార్డు మీదికి దిగుతుంది.

50 కార్డులకు 180 సార్లు

ఇక్కడే అసలు సంగతి ఉంది. ఒక తెర ఒక రంగునే వేస్తుంది. నీలి ఆకాశం, పసుపు గాలిపటం, ఎర్ర తోక కావాలంటే మూడు తెరలు కావాలి. 50 మంచి కార్డులు రావాలంటే, పాడయ్యేవాటిని లెక్కేసుకుని 60 మొదలుపెట్టాలి. 60 కార్డులు, 3 రంగులు, అంటే స్క్వీజీని 180 సార్లు లాగాలి. ఒక రంగు ఆరేదాకా రెండోది వేయకూడదు. అందుకే గదిలో తాళ్లు కట్టి క్లిప్పులతో కార్డులను వేలాడదీస్తారు. ప్రతి కార్డూ ప్రతిసారీ ఒకే చోట కూర్చోవాలి కాబట్టి, బల్ల మీద చిన్న అట్టముక్కలు అంటించి హద్దులు పెట్టుకుంటారు. ఒక్క మిల్లీమీటరు జరిగినా గాలిపటం అంచున తెల్లటి సందు కనిపిస్తుంది.

కాబట్టి ఏ రంగు ముందు, ఏది తర్వాత, ఎక్కడ ఒకదాని మీదికి ఒకటి కొంచెం రావాలి అన్నది మొదటి రంగు పోయకముందే తేల్చుకోవాలి. మూడో రంగు వేశాక మొదటి రంగును మార్చలేం. కంప్యూటర్‌లో లాగా వెనక్కి వెళ్లే మీట ఇక్కడ ఉండదు.

ఆట పేరు పెట్టుకున్న యంత్రం

జపాన్‌లో కొత్త సంవత్సరానికి బంధుమిత్రులందరికీ కార్డులు పంపే ఆచారం ఉంది. వాటిని ఇంట్లోనే ముద్రించుకోవడానికి రిసో సంస్థ 1977లో ‘ప్రింట్ గొక్కో’ అనే చిన్న పరికరాన్ని తెచ్చింది. ఇదీ తెర ముద్రణే. ‘గొక్కో’ అంటే పిల్లల ఉత్తుత్తి ఆట, మన బొమ్మల పెళ్లి లాంటిది. ఇళ్లలోకి కంప్యూటర్లు, ప్రింటర్లు వచ్చాక గిరాకీ తగ్గి, 2008లో దాని అమ్మకం ఆగిపోయింది. అయినా పిల్లలు ఆడుతూనే ముందుచూపు నేర్చుకోగలరన్న మాట పాతబడలేదు.

మనం ఎక్కడ ఆగాలి?

ప్రాజెక్టు అనగానే దుకాణంలో కొన్న చార్టు మీద పిల్లల పేరు రాసి పంపడం, లేదా రాత్రి వాళ్లు పడుకున్నాక మనమే సరిదిద్దడం చాలా ఇళ్లలో జరిగేదే. మార్కుల కోసం, నలుగురిలో చిన్నబోకూడదని అలా చేస్తాం. కానీ మొదటి కార్డు అలుక్కుపోతే, ‘రంగు ఎక్కువైందా, కార్డు కదిలిందా?’ అని వెతికి రెండోదాన్ని మెరుగ్గా వేయడంలోనే చదువు ఉంది. అలుక్కుపోయినదాన్ని మనం దిద్దేస్తే చిన్నారికి అందేది ఒకటే: తన పని పైకి పంపడానికి పనికిరాదని.

ఈ సెలవుల్లో ఇంట్లో ప్రయత్నించండి

• ఎంబ్రాయిడరీ రింగుకు పల్చటి పాలియెస్టర్ బట్టను బిగుతుగా అమర్చండి.
• పల్చటి కాగితంలో బొమ్మను కత్తిరించండి. కట్టర్ పని పెద్దవాళ్లదే.
• కార్డు మీద కాగితం అచ్చును, దానిపై బట్ట ఆనేలా రింగును ఉంచండి. సున్న మధ్య ముక్కనూ దాని చోట పెట్టండి. రంగు తగలగానే అది బట్టకు అతుక్కుంటుంది.
• నీళ్లతో కడిగితే పోయే చిక్కటి ఫ్యాబ్రిక్ రంగును గడువు తీరిన ప్లాస్టిక్ కార్డుతో ఒక్కసారి లాగండి.
• పని కాగానే బట్టను కడగండి. రంగు ఎండితే రంధ్రాలు పూడిపోతాయి.

మొదట ఒకే రంగుతో పది కార్డులు చాలు. రెండో రంగు ఎక్కడ రావాలో చిన్నారినే చెప్పనివ్వండి. అమ్మమ్మకు, తాతయ్యకు ఏ కార్డు పంపాలో కూడా తనే ఎంచుకోవాలి. పండుగ నాటికి చేరాలంటే వారం ముందే పోస్టు చేయండి.