పుర్రెలో పోసిన పోత

హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో కోటసారస్ అనే డైనోసార్ ఎముకల గూడు ముందు నిలబడి ఫొటో దిగనివాళ్లు తక్కువ. దాని తలకాయ మాత్రం అసలుది కాదు, ఊహించి చేసి పెట్టింది. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర కోట అనే రాతిపొరల్లో జియలాజికల్ సర్వే వాళ్లు తవ్వి తీసిన ఈ జంతువుకు 1988లో పి. యాదగిరి పేరు పెట్టారు. వెన్నుపూసలు దొరికాయి, తుంటి దొరికింది, కాళ్లు దొరికాయి. తల దొరకలేదు. అవే రాతిపొరల్లో బయటపడ్డ బరపాసారస్‌దీ అదే గతి. మూడు వందల దాకా ఎముకలు, కొన్ని పళ్లు. అంతే.

మాది ముంబై కామాఠీపురా. మా తాత చెన్నూరు వైపు నుంచి ఇళ్లు కట్టే పనికి వచ్చాడు. ఈ పేటకు పేరు తెచ్చిన కామాఠీలంతా నిజాం ఇలాకా నుంచి అలా వచ్చినవాళ్లే. నాన్న తాపీ పట్టాడు, నేను పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) పనిలో పడ్డాను. సీలింగు అంచుల పువ్వులు, లతలు, సింహం మొహాలు, అన్నీ సాంచాలో, అంటే అచ్చులో, పోసి తీసేవే. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి కాబట్టి చాల్ గ్యాలరీలో కూర్చుని పుస్తకాలు చదువుతున్నాను. కోటసారస్ సంగతి చెబితే మనవరాలు అడిగింది: "తాతా, ఇంత ఒళ్లు దొరికింది గదా, తల లేకుంటే ఏమైతది?"

ఏమైతదంటే, దాని మెదడు గురించి అడగడానికి ఏమీ మిగలదు. మెదడు మెత్తనిది, చచ్చిన వెంటనే కుళ్లిపోతుంది. మిగిలేది అది కూర్చున్న గది, అంటే కపాలం లోపలి ఖాళీ. ఆ ఖాళీకి పోత పోస్తే మెదడు పైరూపు బయటికొస్తుంది. పని నాకు తెలిసిందే, కాకపోతే ఇక్కడ సాంచా మనం చేసింది కాదు, జంతువు తలకాయే సాంచా.

దీనికి ప్లాస్టర్ పనికిరాదు. వెన్నుపాము దిగే రంధ్రం చిన్నది, లోపల గది పెద్దది. గట్టిపడ్డాక పోత బయటికి రాదు, లాగితే పుర్రె పగులుతుంది. అందుకని పల్చని రబ్బరు పాలు పోసి, పుర్రెను అటూ ఇటూ తిప్పి, పొర మీద పొర ఆరబెడతారు. ఆరాక ఆ రబ్బరు సంచిని ముడిచి రంధ్రంలోంచి లాగితే, బయటికొచ్చి మళ్లీ తన ఆకారానికి వస్తుంది. వంపులున్న పువ్వుకు మేమూ రబ్బరు సాంచానే వాడతాం.

ఒక్కోసారి ప్రకృతే పోత పోసి పెడుతుంది. చచ్చిన జంతువు పుర్రెలోకి బురదో సున్నమో చేరి రాయవుతుంది. 1924లో దక్షిణాఫ్రికా టాంగ్ సున్నపురాతి గనిలో దొరికిన పిల్ల పుర్రె అలాంటిదే. మెదడు మడతలు, రక్తనాళాల జాడలు రాతి మీదే కనిపించాయి. రేమండ్ డార్ట్ 1925లో దాన్ని మనిషికి పూర్వపు చుట్టమైన ఆస్ట్రలోపితికస్ అని లోకానికి చెప్పాడు.

ఈ విద్యకు శాస్త్రమన్న హోదా తెచ్చింది టిల్లీ ఎడింగర్ అనే జర్మన్ యూదు స్త్రీ. 1929లో శిలాజ మెదళ్ల మీద ఆమె పుస్తకం వచ్చింది. ఆమెకు వినికిడి బాగా తక్కువ. నాజీల కాలంలో 1938 దాకా మ్యూజియంలో చాటుగా పనిచేసింది, ఆ తర్వాత అడుగు పెట్టనివ్వలేదు. 1939లో దేశం విడిచి, మరుసటి ఏడు హార్వర్డ్ చేరింది. 1948లో గుర్రం మెదడు ఎలా పెరుగుతూ వచ్చిందో కపాలపు పోతలతో చూపించింది. ఒంటి ఎదుగుదల, మెదడు ఎదుగుదల ఒకే వేగంతో నడవవని ఆమె వాదన. అయితే తొలి గుర్రానిదని ఆమె పెట్టుకున్న పోత అసలు గుర్రానిది కాకపోవచ్చనీ, అసలు తొలి గుర్రాల మెదడు అంతకన్నా ఎదిగినదేననీ లియొనార్డ్ రాడిన్‌స్కీ 1976లో తేల్చాడు. పోత ఎంత శుభ్రంగా వచ్చినా సాంచా ఎవరిదో ముందు తేలాలి. నాకైతే ఎడింగర్ గొప్పతనం దీనివల్ల ఇసుమంత కూడా తగ్గలేదనిపిస్తుంది. ఆమె వరస పెట్టి చూపకపోతే ఆయనకు సరిదిద్దడానికేముండేది?

ఇప్పుడు రబ్బరు అక్కర్లేదు, సీటీ స్కాన్ చాలు. తొలి పక్షిగా చెప్పే ఆర్కియోప్టెరిక్స్‌ది లండన్‌లో ఉన్న పుర్రెను 2004లో అలా స్కాన్ చేస్తే మెదడు 1.6 మిల్లీలీటర్లని తేలింది. చూపుకు సంబంధించిన భాగాలు పెద్దవి, లోచెవి పక్షుల చెవికి దగ్గరగా ఉంది. ఎగరడానికి కావలసిన సరంజామా తలలో అప్పటికే సిద్ధంగా ఉందన్నమాట.

అలాగని పోతనంతా మెదడనుకుంటే పొరపాటు. పక్షులకు, పాలిచ్చే జంతువులకు మెదడు కపాలాన్ని దాదాపు నింపేస్తుంది. పెద్ద మొసలికి సగం కూడా నిండదు, మిగతా చోటు పొరలదీ రక్తనాళాలదీ. డైనోసార్ల మెదడు కొలతలు వినేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

మనవైపు తలలు అసలు లేవా? ఉన్నాయి. ఆదిలాబాద్ మాలేరి పొరల్లో పారాసూకస్ పుర్రెలు దొరికాయి, 1978లో శంకర్ చటర్జీ వాటిని వర్ణించారు. చూడ్డానికి మొసలే, నిజానికి వేరే వంశం. దాని జర్మనీ చుట్టాన్ని 2016లో స్కాన్ చేస్తే మెదడు రూపు కూడా మొసలికి దగ్గరగానే వచ్చింది. మా మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా డోంగర్‌గావ్‌లో దొరికిన పొడుగుమెడ డైనోసార్ కపాలం గురించి బెర్మన్, సోహన్‌లాల్ జైన్ 1982లో రాశారు. తలలు దొరికిన చోటే ఇంకా దొరుకుతాయి, వెతకాలంతే.

సిరోంచ, చెన్నూరు, ఆసిఫాబాద్ వైపు పొలాలున్నవాళ్లకు ఒక్క మాట. నాగలికి ఎముకలాంటి రాయి తగిలితే కదపకండి, కడగకండి, లోపల గట్టిపడ్డ మన్నును గోకి తీయకండి. ఆ మన్నే మెదడు పోత కావచ్చు. ఫొటో తీసి, చోటు గుర్తుపెట్టుకుని జియలాజికల్ సర్వేకు తెలపండి. వాళ్ల దక్షిణ ప్రాంత కార్యాలయం హైదరాబాద్ బండ్లగూడలో ఉంది.